పూల్ కప్పిన రోజు

డిసెంబరు చలి ముదిరిన ఒక ఆదివారం పొద్దున, ఇంటి వెనకాల ఉన్న ఈత కొలనును మూసేయాలని ధనశేఖర్ నిర్ణయించుకున్నాడు. చలిదేశాలవాళ్ళు మంచు కురవకముందే కొలనులకు టార్పాలిన్ పట్టా కప్పడం ఒక వీడియోలో చూశాడు. హోసూరులో మంచు కురవదని అతనికి తెలుసు. కెలమంగలం రోడ్డులో ఈ ఇల్లు కట్టినప్పుడు, ఫ్యాక్టరీ స్నేహితులు ఆదివారాలు పిల్లలతో వచ్చి ఈదుతారనుకున్నాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు గట్టున నిలబడి ఫోటోలు తీసుకున్నారు. తర్వాత ఎవరూ రాలేదు. వస్తారన్న ఆశ కూడా నిన్న రాత్రితో అతనికి తీరిపోయింది. కిటికీలోంచి కనిపించే ఆ ఖాళీ నీళ్ళు రోజూ తనను ఏదో అడుగుతున్నట్టుండేవి. పట్టా కప్పేస్తే అడగడం మానుతాయి.

తోటపనికి వచ్చే ఆంజప్పకు ఫోన్ చేశాడు. ఆంజప్పది చామంతి సేద్యం. ఆ కొలనును ఇద్దరూ ఎప్పుడూ "తొట్టి" అనే అనేవాళ్ళు. వీడియో ప్రభావమేమో, ఆ రోజు ధనశేఖర్ నోట వేరే మాట వచ్చింది.

"ఆంజప్పా, ఈ పొద్దు పూల్ కప్పల్ల. వస్తావా?"

"పూలు కప్పల్లా? అయ్యో సార్! ఎప్పుడైంది?"

"రాత్రితో తీరిపోయింది. ఇంక ఆశ పెట్టుకోని లాభం లేదప్పా."

"ఎవురికైనా చెప్పినారా?"

"చెప్పేదానికి నాకెవురుండారు?"

"మీరు కదలద్దండి సార్. మేముండాము."

శ్రద్ధగల మనిషి అనుకున్నాడు ధనశేఖర్. గంట తర్వాత, మూసేముందు చివరిసారిగా ఒక మునక వేశాడు. వణుకుతూ తువ్వాలు చుట్టుకుని ఇంటి ముందుకు వచ్చేసరికి గేటు దగ్గర మినీలారీ ఆగింది. దాన్నిండా చామంతులు. వెనకే సావు తప్పెటతో సెల్వరాజ్, అతని వెనక ఆంజప్ప ఊరు సగం. తడిజుట్టు, తడితువ్వాలు చూసి అందరూ తలలు దించుకున్నారు. కొరివి పెట్టేవాడు స్నానం చేసి సిద్ధంగా ఉన్నాడనుకున్నారు.

"మా తండ్రీ, మమ్మల్ని ఇడిచిపెట్టి పోతివా!" అని గుండెలు బాదుకుంది ఆ గుంపులోని మారియమ్మ. ఆ వెంటనే పక్కనున్న సెల్వి చెవిలో, "పోయింది ఆడా, మగా?" అంది.

"తెలీదక్కా. రెండూ కలిపి ఏడువు."

ధనశేఖర్ కంగారుపడ్డాడు. "ఇంతమంది ఎందుకప్పా? ఇద్దరు చాలు గదా."

"నలుగురు లేకుంటే ఎట్ల సార్ మోసేది?" అన్నాడు ఆంజప్ప.

"మోసేదేముంది? వెనకాల గుంతలోనే ఉంది. నిన్ననే మందేసినాను. కప్పేస్తే సరి."

తప్పెట ఆగింది. మారియమ్మ ఏడుపు మధ్యలో తెగింది.

"మందు... మీరే ఏసినారా సార్?"

"ఎయ్యకుంటే పాచి పడ్తుంది గదప్పా."

అందరూ ఇంటి వెనక్కి పరిగెత్తారు. అక్కడ నీలం నీళ్ళు, పక్కన మడతపెట్టిన పట్టా. పీనుగ లేదు.

"యాడ సార్?"

"ఇదే. పూల్."

"తొట్టా!" ఆంజప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "తొట్టి అని చెప్పకూడదా సార్!"

ముందుగా సెల్వరాజ్ నవ్వాడు. మారియమ్మ నవ్వలేదు, ఆంజప్ప మీదికి తిరిగింది. "సచ్చినోళ్ళు లేని సావుకు ఏడిపించినావు గదప్పా! సావింటికని బయలుదేరినాము. తల మునగకుండా ఇప్పుడు ఇంటి గడప తొక్కేదెట్ల? పీనుగకని తెచ్చిన పూలు వాపసు తీసకపోయేదెట్ల?"

పూలన్నీ కొలనులో కుమ్మరించారు. మారియమ్మ కొంగు దోపుకుని మెట్లు దిగింది. తర్వాత సెల్వి, సెల్వరాజ్, ఆ తర్వాత ఎవరెవరో. చామంతుల మధ్య తలలు తేలాయి.

"ఓయ్, నీళ్ళు చిమ్మద్దురా!"

"అబ్బా, ఐసు!"

"ఇంత తొట్టి పెట్టుకోని ఒక్కరే ఏం జేస్తారు సార్?"

కిటికీలోంచి నీళ్ళు ఇన్నాళ్ళూ అడిగింది అదే. తను నవ్వుతున్నానని ధనశేఖర్‌కు కాసేపటికి గాని తెలియలేదు.

మధ్యాహ్నానికి అందరూ తల తుడుచుకుని బయలుదేరారు. అతను గేటు దాకా వెళ్ళి, ఒక్క మాట కోసం నిలబడ్డాడు. సావింటి నుంచి పోతూ "వస్తాము" అనకూడదు. ఎందుకైనా మంచిదని ఎవరూ అనలేదు.

"పట్టా ఎప్పుడు కప్పేది సార్?" అన్నాడు ఆంజప్ప, చివరగా.

"తొట్టి అట్లే ఉండనీప్పా."

లారీ చప్పుడు దూరమైంది. అతను పట్టాను షెడ్డులో పెట్టి వచ్చి గట్టున కూర్చున్నాడు. మళ్ళీ వీళ్ళంతా రావాలంటే ఈసారి నిజంగానే ఎవరో ఒకరు పోవాలి. ఇంట్లో ఉన్నది తనొక్కడే.