శియోమి కనాయె ముల్లంగి సభ

ఆ ఉదయం అసోసియేట్ ప్రొఫెసర్ శియోమి కనాయె తలపెట్టింది చిన్న పనే. మధ్యాహ్నం విశ్వవిద్యాలయంలో ఊరివాళ్లతో ఒక సభ. అన్ని శాఖలూ కలిసి, ఊరి సమస్యలే పాఠాలుగా చెప్పే కొత్త కోర్సు కోసం ఆమె ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగింది. ఈ సాయంత్రమే కౌన్సిల్ నిర్ణయం.

"మన శాఖలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఊరివాళ్లు గేటు దాటి రారు. ఖాళీ కుర్చీలు కనబడ్డాయో, మీ కోర్సు అక్కడితో సరి!" అని చరిత్ర పండితుడైన డీన్ హిరుకావా ముందే చెప్పేశారు.

సభంటే మైకు గోల తప్పదు. ఇరుగుపొరుగుకు ముందుగా క్షమాపణ చెప్పుకోవడం మర్యాద. ఆ కంగారులో కనాయె విశ్వవిద్యాలయం ఎదురింటి ముగికురా బామ్మకు పెద్ద దుకాణం కాగితం చుట్టిన ఖరీదైన బిస్కెట్ల పెట్టె ఇచ్చి వచ్చింది. చేసిన తప్పల్లా అదే.

అంత పెట్టె పుచ్చుకుని ఊరుకుంటే బామ్మ పరువేం కావాలి? బండెడు ముల్లంగి తెచ్చింది. కనాయె సిగ్గుపడి, సభకని తెప్పించిన కేకులన్నీ బామ్మ చేతిలో పెట్టింది. బామ్మ బెంబేలెత్తి ఆ కేకులు వీధంతా పంచింది. ఇక వీధి వీధంతా ముల్లంగితో విశ్వవిద్యాలయానికి బయల్దేరింది.

లా ప్రొఫెసర్ ఇసోబె గదిలోంచి బయటికి రాబోతే, ముల్లంగి గుట్ట అడ్డుపడి తలుపు తెరుచుకోలేదు.

"కానుకలా? నిబంధనలు ఒప్పుకోవు. వెనక్కి పంపండి!" అని లోపల్నుంచే అరిచాడు.

"వెనక్కి పంపితే జన్మలో మన మొహం చూడరు సార్!" అంది కనాయె.

ఇసోబె నిబంధనల పుస్తకం తిరగేశాడు. "అందరూ ఇక్కడే కలిసి తినేస్తే అది కానుక కాదు. విందు."

అంతే, తరగడం మొదలైంది. కెమిస్ట్రీ ప్రొఫెసర్ తోకివా త్రాసు పట్టుకొచ్చి ముక్కలు ఊరబెట్టడానికి ఉప్పు తూచసాగాడు.

"ఏం నాయనా, ముల్లంగికి మందు కలుపుతున్నావా?" అంది బామ్మ.

"శాతం తప్పితే ఊరదు బామ్మగారూ."

"నా చెయ్యే శాతం. తప్పుకో!"

ఆ గోలకి డీన్ ఊడిపడ్డారు. "ఏమిటీ సంత? ఆపండి!"

కనాయె ఇన్నేళ్ల శ్రమా నీళ్లపాలే అనుకుంది. బామ్మ మాత్రం డీన్ తెరిచిన నోట్లో ఒక ముక్క కుక్కింది. ఆయన నమిలారు. మళ్లీ నమిలారు.

"ఉప్పు ఎక్కువ. కోటలున్న కాలంలో ఈ ఊళ్లో ఇలా ఊరబెట్టేవారు కాదు" అని మొదలుపెట్టారు.

తోకివా ఎందుకని అడిగాడు. ఇసోబె అడ్డుతగిలాడు. బామ్మ ఒప్పుకోనంది. ఊరివాళ్లు కుర్చీలు చాలక మెట్లమీద కూర్చున్నారు. డీన్ చరిత్ర పాఠంలో ఎవరూ నిద్రపోకపోవడం అదే మొదటిసారి. ఆయన కళ్లు చెమర్చాయి.

సాయంత్రం కౌన్సిల్లో కోర్సు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కనాయె సంతోషం పట్టలేక, వరండాలో అందరి ముందూ చిన్నపిల్లలా గెంతింది.

ఆ కోర్సు మొదటినుంచీ తన కలేనని మర్నాడు డీన్ పత్రికలవాళ్లకు చెప్పారు.