సంచిలో సులైమానీ

ఆ రోజు కోసం యాదగిరి వేసుకున్న ప్లాను చిన్నది. నాలుగున్నరకు లేవాలి, నీళ్ల సంచి తగిలించుకోవాలి, ఐదింటికి వ్యాను ఎక్కాలి, ఎనిమిదింటికి కొండ మీద పరీక్ష పాసవ్వాలి. నాలుగున్నరకు లేవడం వరకు అనుకున్నట్టే జరిగింది.

పరీక్ష స్కీయింగ్‌ది. సౌదీలోని తబూక్‌కు గంటన్నర దూరంలో ఒక కంపెనీ కొండవాలు మీద యంత్రాలతో మంచు పరిచి స్కీయింగ్ మైదానం తయారు చేస్తోంది. వాలుకు రెండు పక్కలా వల కట్టారు. రోజూ స్కీల మీద దిగుతూ ఆ వల గుంజలు చూసే మనిషి ఒకడు కావాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన యాదగిరికి, శ్రీకాకుళం నుంచి వచ్చిన సాయికుమార్‌కు నెల రోజులు నేర్పించారు. ఉద్యోగం ఒకటే. అది దొరికినవాడి ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డులో, 'ఆమిల్' అన్న మాట పోయి 'టెక్నీషియన్' అని పడుతుంది. ఆమిల్ అంటే కూలీ. కూలీ భార్యకు విజిట్ వీసా రాదని క్యాంపులో అందరికీ తెలుసు. యాదగిరి భార్య స్వర్ణ పోయిన నెలలోనే పాస్‌పోర్టు చేయించుకుంది. పెళ్లయిన ఆరేళ్లలో వాళ్లిద్దరూ కలిసి ఉన్నది ఏడు నెలలు.

నీళ్ల సంచి వీపుకు తగిలించుకునేది. అందులోంచి ఒక ట్యూబు భుజం మీదుగా నోటి దగ్గరికి వస్తుంది. చేతులు ఖాళీ లేకపోయినా పీల్చి తాగొచ్చు. అది లేనివాడు కొండ ఎక్కకూడదని హైదరాబాద్ నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ నవాజ్ నియమం. పరీక్షప్పుడు వాలు మధ్యలో నవాజ్ నిలబడతాడు. అక్కడ ఆగి, తాగి, నోరు తెరిచి చూపించి, మళ్లీ దిగాలి.

సంచి మేకుకు లేదు.

"దేవన్నా, నా సంచి చూసినవా?"

దేవన్న ఆ గదిలో తొమ్మిది మందికి వండిపెట్టే పెద్దమనిషి. గల్ఫ్‌కు వచ్చి ఇరవై రెండేళ్లయింది. పొయ్యి మీంచి తల తిప్పకుండా చెప్పాడు. "ఫ్రీజర్ల ఉన్నది. రాత్రే నింపి పెట్టిన, నువ్వు మర్చిపోతవని."

ఇరవై రెండేళ్లుగా దేవన్న పనికి పోయేవాళ్ల నీళ్లు ఫ్రీజర్‌లోనే పెడుతున్నాడు. పొద్దున గడ్డగా పట్టుకుపోతే మధ్యాహ్నానికి చల్లటి నీళ్లవుతాయి. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ఆ అలవాటు ఎంతోమందిని కాచింది. ఇది జనవరి అని ఆయన చేతులకు తెలియలేదు.

యాదగిరి సంచిని తెచ్చి బల్ల మీద పెడితే చప్పుడైంది. ట్యూబు వంగలేదు.

"ఇదేందన్నా. ఆడ మైనస్ నాలుగున్నది."

దేవన్న సంచిని వేలితో తట్టి చూశాడు. "అయితే ఆడ ఫ్రీజర్ అక్కర లేదన్నట్టు."

సంచిని బకెట్‌లో వేసి గీజర్‌లోని వేడినీళ్లన్నీ దాని మీద పోశారు. పావుగంటకు మంచు గడ్డ వదులై మూతిలోంచి బయటికొచ్చింది, ట్యూబు వంగింది. అప్పటికి గీజర్‌లో చన్నీళ్లే మిగిలాయి. చన్నీళ్లు నింపితే పరీక్ష మొదలయ్యేలోగా మళ్లీ గడ్డకడతాయి. బయట వ్యాను హారన్ కొట్టింది. గదిలో వేడిగా ఉన్నది ఒకటే, పొయ్యి మీది టీ.

దేవన్న గిన్నె ఎత్తాడు. "మూతి పట్టు."

"అది అందరి చాయ్ గదనే."

"అందరికీ పరీక్ష లేదు గద."

పాలు లేని సులైమానీ టీ, చక్కెర, నిమ్మరసంతో సహా, రెండు లీటర్లు సంచిలోకి పోయింది. మిగతా వాళ్లు లేచేసరికి దేవన్న గిన్నె బోర్లించి, ఏమీ తెలియనట్టు ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

వ్యాను నడిపే అల్లాబకాష్ కడపవాడు. ఆ చలికాలమంతా కొండ మీదికి మనుషుల్ని చేరవేసి, వాళ్ల ట్యూబులు గడ్డకట్టడం చూసినవాడు.

"సంచి బయట ఏసుకుంటే ఐదు నిమిషాలకే ట్యూబు బిగుసుకుంటాది. కోటు లోపల ఏసుకో యాదగిరీ. ట్యూబు గూడా కాలర్ లోంచి తీస్కో."

"కాలుతున్నది బకాష్ భాయ్."

"రెండు స్వెట్టర్లున్నాయి గదప్పా. పైకి పొయ్యేసరికి సల్లారతాది లే."

సంచి మీద యాదగిరి కోటు జిప్పు పడలేదు. అల్లాబకాష్ తన కోటు విప్పి ఇచ్చాడు. అది పట్టింది. కానీ వ్యాను దిగిన యాదగిరికి గూని ఉంది, కాలర్ లోంచి ఆవిరి వస్తోంది.

వాలు పైన సాయికుమార్ తన స్కీలు బిగించుకుంటూ చూశాడు. అతని సంచి అందరిలాగే కోటు బయటే ఉంది.

"అదేటన్నా, ఈపు మీద?"

"సంచి."

"సంచిలోనేటి?"

"చాయ్."

"ఒక్కడివే తాగేస్తావేటి మరి," అని సాయికుమార్ దిగిపోయాడు. ఎక్కడా తడబడలేదు. నవాజ్ దగ్గర చెప్పినట్టు ఆగాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు, ఏం జరుగుతోందో పైనుంచి తెలియలేదు. తర్వాత అడుగు వరకు అంతే నేర్పుగా వెళ్లిపోయాడు. యాదగిరి అది చూసి, ఇంక తనకు మిగిలింది పడకుండా దిగడమే అనుకున్నాడు.

నవాజ్ వరకు పడకుండానే దిగాడు. ఆగడమే కుదరలేదు. వీపు మీది బరువు అతన్ని వెనక్కి లాగుతోంది, స్కీలు ముందుకు పోతున్నాయి. నవాజ్ ఆగమని చెయ్యెత్తాడు. యాదగిరి కూడా చెయ్యెత్తి, ఆయన్ని దాటి పోయాడు. పది మీటర్ల కింద వెల్లకిలా పడ్డాడు. సంచి మీద డెబ్బై కిలోలు పడేసరికి టీ ట్యూబులోంచి తన్నుకొచ్చింది. కొంత నోట్లోకి పోయింది. మిగతాది కాలర్ మీదుగా మంచులోకి పారింది.

పది మీటర్ల పైనుంచి చూస్తే మంచు మీద సులైమానీ ఎర్రగా ఉంటుంది.

"మ్యాన్ డౌన్," నవాజ్ రేడియోలో అన్నాడు. "హెవీ బ్లీడింగ్. స్ట్రెచర్ పంపండి." పరుగెత్తుకొచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కదలకు యాదగిరి. మెడ అస్సలు కదిలియ్యకు."

"సార్, చాయ్."

"చాయ్ తర్వాత తాగుదువు. ఇప్పుడు నోటికి ఏం ఇయ్యొద్దు, రూల్."

"అది కాదు సార్. అది చాయ్."

నవాజ్ మళ్లీ రేడియో తీశాడు. "మనిషి షాక్‌లో ఉన్నడు. జల్దీ."

స్ట్రెచర్ వచ్చింది. యాదగిరిని మూడు చోట్ల పట్టీలతో బిగించి, పైన టార్పాలిన్ కప్పి, ఇరవై నిమిషాలు మోసుకుంటూ కిందికి తెచ్చారు. దారిలో ఇంకో రెండుసార్లు చాయ్ అన్నాడు. మోసేవాళ్లలో ఒకడు కళ్లు తుడుచుకున్నాడు.

క్లినిక్ క్యాబిన్‌లో నర్సు ఆరిఫా బీపీ చూసింది, కళ్లలోకి లైటు వేసి చూసింది, కోటు జిప్పు తీసింది. ట్యూబు పట్టుకుని వాసన చూసింది.

"నవాజ్ సాబ్, దీంట్ల నిమ్మకాయ గూడ ఉంది."

నవాజ్ కుర్చీలో కూర్చున్నాడు. యాదగిరి లేచి కూర్చుని, తడిసిన స్వెట్టరు పిండుకున్నాడు. పాస్‌పోర్టు పదేళ్లు ఉంటుంది, ఇంకోసారి చూసుకోవచ్చు అని స్వర్ణకు ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాడు.

"నా పని అయిపోయినట్టేనా సార్?"

నవాజ్ రియాద్ హెడ్డాఫీసు పంపిన పరీక్ష ఫారం తీశాడు. దాని ప్రకారం నింపి పంపడమే తప్ప అందులో ఒక్క అక్షరం మార్చే అధికారం ఆయనకు లేదు.

"తల కప్పుకున్నడు. హెల్మెట్ ఉండె, ఎస్." టిక్కు పెట్టాడు. "నీడలో పది నిమిషాల రెస్ట్."

"టార్పాలిన్ కింద ఇరవై నిమిషాలున్నడు గదా," అంది ఆరిఫా.

"ఎస్. మెడికల్ చెకప్."

"ఇప్పుడే చేసిన."

"ఎస్. ద్రవం తీసుకున్నడా. నీళ్లు అని లేదు, ద్రవం అని ఉంది. మింగినవా?"

"మింగుడు తప్పలె సార్."

నవాజ్ కాగితం కిందిదాకా వెళ్లాడు. ఎక్కడా ఖాళీ మిగల్లేదు. ఆయన దాన్ని ఇంకోసారి చదివాడు. "పాస్," అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు.

"పడిపోయిన గద సార్."

"పడ్డదానికి లైన్ లేదు."

"సాయికుమార్ నాకన్నా మంచిగ దిగిండు సార్. నేను చూసిన."

"నేను గూడ చూసిన. కానీ అతని ట్యూబు గడ్డకట్టింది. ఐదు నిమిషాలు పీల్చిండు, ఒక్క చుక్క రాలె. నీడ లేదు, చెకప్ లేదు. మూడు లైన్లు ఖాళీ." నవాజ్ ఫారం మడిచాడు. "దిగుడు గురించి ఇందుల ఏం లేదు యాదగిరి. రెండుసార్లు చూసిన. వచ్చే నెల ఇంకో పోస్టు వస్తది, అతనికి మళ్లీ పెడత. అప్పటిదాక నీకు ఆగుడు నేర్పమని చెప్త."

సాయంత్రం యాదగిరి ఇంటికి ఫోన్ చేశాడు.

"పాసైన."

స్వర్ణ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "ఎట్ల దిగినవ్?"

"సగం దాక స్కీల మీద. ఆడికెల్లి స్ట్రెచర్ మీద."

"దెబ్బ తాకిందా?"

"లేదు. చాయ్ ఒలికింది."

"నేనొచ్చినంక నువ్వు దిగేది చూపిస్తవా?"

"చూపిస్త. ఒక నెల ఆగి రా."

పది రోజులకు ఇకామాలో మాట మారింది. దాంతోపాటు రియాద్ నుంచి ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది. యాదగిరి మండుటెండలో పని చేయడానికి అన్ని విధాలా తగినవాడని అందులో ఉంది.