పళ్ల డాక్టరు అక్షరాల సైజు

ఆ ఉదయం పళ్ల డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. ఆయన కథలన్నీ సొంతంగా తయారుచేసుకున్న వెబ్ పేజీలో ఉన్నాయి. వాటిని చూసి, పుస్తకం వేసేదీ లేనిదీ మధ్యాహ్నంలోగా చెబుతానన్నాడు ఒక ప్రచురణకర్త. అట్ట మీద తన పేరు చూసుకోవాలని డాక్టరుకు ఏళ్ల తరబడి కోరిక. అందుకని అక్షరాల సైజు ఒకసారి సరిచూసుకుందామనుకున్నాడు. సరిచూసుకుని ఊరుకునే మనిషైతే గొడవే ఉండేది కాదు.

ఇంటి ముందు గదే క్లినిక్కు. అక్కడి కంప్యూటర్ తెరిచేసరికి అక్షరాలు వంకాయలంత ఉన్నాయి. డాక్టరు పేజీలో సైజు అంకెను సగానికి సగం తగ్గించేశాడు. తెల్లవారగానే మామగారు అదే కంప్యూటర్ ముందు కూర్చుని, కంటికి ఆనక, ఆ పేజీని తెర మీద పెద్దది చేసుకుని చదివారని పాపం ఆయనకు తెలియదు.

అంతలో భార్య ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఏవండీ, ఈ ఇసక రేణువులేమిటి? చదవాలంటే మీరు పేషెంట్ల నోట్లో పెట్టి చూస్తారే, ఆ అద్దం కావాలి."

"ఇక్కడ బాగానే ఉందే."

"ఆ ప్రచురణకర్త కూడా ఫోన్‌లోనే చూస్తే?"

డాక్టరు అంకెను మూడింతలు చేశాడు. ఈసారి కంప్యూటర్ తెర మీద నాలుగు మాటలు పట్టడమే గగనమైంది. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని, బుగ్గల్లో దూదితో పడుకుని ఉన్నాడు. డాక్టరు తెరను అతని వైపు తిప్పాడు. "మీరు చెప్పండి. పెంచాలా, తగ్గించాలా?"

ముందు దూది తియ్యమని పేషెంటు వేలు పైకెత్తి నోరు చూపించాడు. డాక్టరు పెంచాడు. వద్దు మహాప్రభో అన్నట్టు పేషెంటు చెయ్యి కిందికి ఊపాడు. తగ్గించాడు. విసుగొచ్చి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి, తను ముట్టుకోకుండానే అక్షరాలు కుంచించుకుపోయి ఉన్నాయి. పేజీ పాడైపోయిందనుకున్నాడు. అంకెను మళ్లీ పెంచాడు.

"ఇప్పుడు లైనుకు ఒక్క మాటే వస్తోంది," అంది భార్య. అప్పుడే ఆమెకు మానిటర్ పక్కన తండ్రి కళ్లజోడు కనిపించింది. "నాన్నా, దీన్ని నువ్వేమైనా కదిపావా?"

"పొద్దున చిన్నగా ఉంటే పెద్దది చేసుకున్నాను. ఇందాక మరీ పెద్దగా ఉంటే తగ్గించుకున్నాను," అన్నారు లోపలి గదిలోంచి మామగారు నింపాదిగా. "మీరు రాసి వదిలెయ్యండి అల్లుడుగారూ. ఎవరికెంత కావాలో వాళ్లే చూసుకుంటారు. చదివేది మీ కళ్లతో కాదు కదా."

డాక్టరు సిగ్గుపడి, సైజు అంకెనే తీసిపారేశాడు. ఎవరి ఫోన్‌లో వాళ్లు పెట్టుకున్నంత సైజులో అక్షరాలు బుద్ధిగా కూర్చున్నాయి. ఆయన ప్రాణం కుదుటపడింది. పేషెంటు నోట్లోని దూది కూడా తీశాడు.

అంతలో ప్రచురణకర్త ఫోన్ చేశాడు.

"పొద్దున చూస్తే ఒక్క ముక్క కనపడలేదండీ. ఇంత చిన్నగా పెట్టారంటే లోతైన రచనే అయ్యుంటుందని, పుస్తకం వేసేద్దామనుకున్నాను. ఇప్పుడే మళ్లీ తెరిచాను. ఎంత హాయిగా ఉన్నాయో అక్షరాలు. మొత్తం చదివేశాను." కాస్త ఆగాడు. "వెయ్యలేమండీ."

డాక్టరుకు ఏడుపొక్కటే తక్కువ. ఫోన్ కింద పెట్టాడు.

"ఏమన్నారండీ?" అంది భార్య ఆత్రంగా.

"అక్షరాలు బాగున్నాయన్నారు."