చింతపండు కోల్డ్ స్టోరేజీలో హిమాలయం

మా హిందూపురం చలి సంగతి మీకు తెలియనిది కాదు. డిసెంబరులో రెండు రోజులు మంకీ టోపీ పెట్టుకుంటాం, మూడో రోజు ఫ్యాను వేసుకుంటాం. అలాంటి ఊళ్లో బస్టాండు పక్కన కళ్లజోళ్ల షాపు నడుపుకునే ఈ ఆంజనప్పకు హిమాలయాలెక్కి గుడారంలో పడుకునే యోగం పట్టినట్టే పట్టింది.

పట్టించినవాడు మా బామ్మర్ది మోహన్. బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "బావా, మా ట్రెక్కింగ్ గుంపులో రెండు సీట్లుండాయి. నువ్వూ అక్కా రాండి. పైన రాత్రిపూట నీళ్ల బాటిలు గూడా గడ్డ కడుతుంది. మంచి డౌన్ స్లీపింగ్ బ్యాగులు చూసుకోండి."

డౌన్ అంటే బాతు రొమ్ము మీద ఉండే మెత్తటి నూగు. దాన్ని నింపిన సంచిలో దూరి జిప్పు వేసుకుంటే మంచులో కూడా ఒళ్లు వెచ్చగా ఉంటుందట.

నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. వారం రోజులు ఒక్కడినే వెళితే? ఉప్పు తగ్గించమనేవాళ్లుండరు. గురక పెడితే మోచేత్తో పొడిచేవాళ్లుండరు.

"ఏమే భవానీ, ఆ సంచులు శానా రేటంట. రెండు కొనే శక్తి మనకు లేదు" అన్నాను దిగులు మొహం పెట్టి.

మా ఆవిడ భవాని సోమందేపల్లి బడిలో లెక్కల టీచరు. నా దిగుళ్లన్నీ ఆమెకు కొట్టినపిండి. "అయితే ఒకటే కొనుక్కుందాం. దాంట్లో ఎవరు పోవల్లో తర్వాత చూద్దాం" అంది.

"దాంట్లో చూసేదేముంది?"

"ఏముందో నీ మొగంలో కనపడతాండాదిలే."

ఆ సాయంత్రం ఫోను ముందేసుకుని కూర్చున్నాం. అసలైన సంచి ధర చూడగానే నాకు చలి అక్కడే మొదలైంది. కిందకు జరిపితే చవకలో ఒకటి దొరికింది. పైన పెద్ద అక్షరాలతో మైనస్ పదిహేను అని రాసుంది.

"చూసినావా! దీన్నే అంటారు వెతకడమని!"

భవాని తెరను పెద్దది చేసింది. "ఊరంతటికీ అద్దాలు పెడతావు, నీకెవరు పెట్టల్ల? కింద చిన్నక్షరాలు చదువు. మైనస్ పదిహేనంటే ప్రాణం పోకుండా ఉండేదానికి. హాయిగా నిద్ర పట్టల్లంటే ప్లస్ మూడంట."

"ప్రాణముంటే చాల్లే!"

"ప్రాణంతోనే తెల్లారిందాకా వణుకుతావా? నిద్రపోయే లెక్క చూసి కొనల్ల. బరువు చూడల్ల. నూగు ఎంత, ఈకలెంత చూడల్ల. పైగుడ్డలోంచి తేమ లోపలికి దిగగూడదు, తడిస్తే అంతా ముద్దయిపోతుందంట."

ఈమె ఇవన్నీ ఎప్పుడు చదివిందా అని ఆ పూటే అనుమానం రావాల్సింది. రాలేదు. నా బుర్ర అప్పటికే పెనుకొండలో ఉంది.

పెనుకొండలో మా పరుపుల యూనస్ ఉన్నాడు. పరుపులు, దిండ్లు కుట్టడంలో మంచి పేరుంది. నేను చెప్పింది విని, "ఇంతేనా అన్నా? దిండుకు జిప్పు పెడితే అదే గదా! నువ్వు అందులో దూరు, నేను కుట్టేస్తా" అన్నాడు.

బుక్కపట్నం చెరువు దగ్గర బాతులు పెంచేవాళ్లను పట్టుకున్నాం. ఈకకు ఈక, కూరకు కూర. యూనస్ వాళ్ల ఇంట్లో మూడు పూటలా బాతు కూరే వండారు. నూగు పిడికెడు వచ్చింది, ఈకలు గోనెడు వచ్చాయి. రెండూ కలిపి కుక్కేశాం. కడగాలని ఇద్దరికీ తోచలేదు.

పైకి గొడుగు గుడ్డ వేశాం. "లోపలికి పట్టయితే తేలిగ్గా, నున్నగా ఉంటుందన్నా" అన్నాడు యూనస్. పట్టు అనగానే మా అటక మీది పాత పెట్టెలో ధర్మవరం చీర గుర్తొచ్చింది. భవాని దాన్ని కట్టుకోగా చూసి ఎన్నేళ్లయిందో. ఊరికే పడి ఉన్న చీర కదా అని చంకన పెట్టుకొచ్చి యూనస్‌కు ఇచ్చాను.

సంచి తయారైంది. బస్సులో తెస్తుంటే పక్క సీటాయన ముక్కు మూసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. హిందూపురంలో దిగాక నాలుగు పిల్లులు మా ఇంటిదాకా సాగనంపాయి.

భవాని దాన్ని చూసి నవ్వలేదు. "ఎవరు పోవల్లో ఇట్ల తేలదు. మోహన్ నాకు బెంగళూరు నుంచి ఒక సంచి అద్దెకు తీసి పంపించినాడు. నీది నీకుండాది. ఇద్దరం చలిలో పండుకుందాం. ఎవరు నిద్రపోతే వాళ్లు పోదాం."

"హిందూపురంలో చలి యాడ తెస్తావు?"

"మీ చంద్రశేఖర్ దగ్గరుండాదిలే."

నా స్నేహితుడు చంద్రశేఖర్ చింతపండు కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని లోపలికి పంపి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏమప్పా, నాటకమా ఇది?"

కొండంత ఎత్తు బస్తాల మధ్య రెండు సంచులు పరిచాం. భవాని తన దాంట్లో దూరి, దాని టోపీ ముడి బిగించి, ముక్కు మాత్రం బయట పెట్టింది. కాసేపటికే సన్నగా గురక మొదలైంది. ఇన్నాళ్లూ గురక నాదొక్కడిదే అనుకున్నాను!

నా పరిస్థితి వేరు. ఈకల మొనలు పట్టును చీల్చుకుని వీపులో గుచ్చుకున్నాయి. ఈకలన్నీ కాళ్ల దగ్గరకు జారిపోయి, ఛాతీ మీద రెండు గుడ్డలు మిగిలాయి. పళ్లు టకటకమన్నాయి. ఓటమి సంగతి తర్వాత, ముందు బయట పడదామని జిప్పు లాగాను. అది చీరను కరుచుకుని కదల్లేదు.

లేచి, సంచితోనే తలుపు వైపు గెంతాను. సరిగ్గా అప్పుడే ఇద్దరు హమాలీలు బండి తోసుకుంటూ లోపలికొచ్చారు. తలా చేతులూ లేని నల్లటి ఆకారం తమ మీదికి గెంతుకుంటూ వస్తుంటే ఎవరు నిలబడతారు?

"యప్పా! బస్తా లేసొస్తాండాది!" అని అరిచి, బండి వదిలేసి పరిగెత్తారు. బండి వచ్చి నన్ను తాకింది, నేను బస్తాలను తాకాను, పై బస్తా జారి పడి పగిలింది. చంద్రశేఖర్ వచ్చి కత్తెరతో సంచిని కోశాడు. గదంతా ఈకలు లేచాయి. ఒంటినిండా చింతపండు, దాని మీద బుక్కపట్నం బాతులు. నన్ను చూసి చంద్రశేఖర్ నేల మీద కూలబడి నవ్వాడు.

ఆ గోలకు భవాని లేచి వచ్చింది. నవ్వబోయి ఆగిపోయింది. చినిగిన సంచిలోంచి మామిడి పిందెల జరీ అంచు వేలాడుతోంది.

వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది నా పెండ్లి ముహూర్తం చీర గదయ్యా?"

"లోపల మెత్తగా ఉంటుందని..."

ఆమె తిట్టలేదు. నిజం చెబుతున్నాను, ఆ కోల్డ్ స్టోరేజీలో అంతవరకూ లేని చలి అప్పుడు పుట్టింది. ఆ అంచు మీది ఈకలు ఒక్కొక్కటే ఏరింది. చీర మడిచి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. నన్ను ఎక్కించుకోవడానికి ఆటోవాడు ఒప్పుకోలేదు.

ఇంటికి నడిచి వెళ్లేసరికి వాకిట్లో ఇంకో స్లీపింగ్ బ్యాగు కట్టి ఉంది.

"ఇదెవరిది?"

"నీదే. మోహన్ రెండు పంపించినాడు. రెండింటి అద్దె కలిపినా నువ్వు యూనస్‌కు పోసిన దుడ్లలో సగం గాదు. నువ్వు ఓడిపోతే, పాపమని ఈడికొచ్చి ఇద్దామనుకున్నా."

"అయితే ఇయ్యి!"

"చీర చూడకముందు అనుకున్నా" అంటూ దాని మీద మోహన్ అడ్రసు చీటీ అతికించింది.

భవాని వెళ్లింది. వెళ్లేముందు నన్ను ధర్మవరం తీసుకెళ్లి ఒక చీర ఎంచుకుంది. మొదటి రోజు నన్ను వణికించిన అసలైన సంచి ధర ఆ షాపులో చాలా చవగ్గా అనిపించింది.

వారం తర్వాత ముక్కు మీద తోలు లేచిపోయి, కళ్లు మెరిసిపోతూ తిరిగొచ్చింది. నేనే కాఫీ పెట్టిచ్చాను.

"ఎట్లుండె?" అన్నాను నేల చూస్తూ.

"తెల్లవారుజామున బయటికొచ్చినా. ఎంత నిశ్శబ్దమంటే, మంచు జారేది గూడా వినపడతాండె. ఒక్కదాన్నే చూస్తి. నువ్వుంటే బాగుండు అనిపించె" అంది.

నేను గ్లాసు కడగడానికి లేచాను.

"వచ్చే యేడు ఇద్దరం పోదాం. గానీ ముందు ఆ పొట్ట దింపు. ప్రతి ఆదివారం పెనుకొండ కొండెక్కల్ల."

కాబట్టి మిత్రులారా, ఏ ఆదివారమైనా మీరు పెనుకొండ కోట మెట్ల మీద ఒక మనిషి కూలబడి ఉండటం, పైనుంచి ఒకావిడ "లెయ్యి, లెయ్యి" అని కేకేయడం చూస్తే, దయచేసి నన్ను పలకరించకండి. జవాబు చెప్పేంత ఊపిరి ఉండదు.