తోడు కావాలి

పందెం రోజు పొద్దున గుర్రాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గుర్రానికి నీళ్లు పట్టి, ఒళ్లు తోమి, మధ్యాహ్నంలోపు వ్యాను ఎక్కించడం. ఒకప్పుడు గదులన్నీ ఊళ్లోవాళ్లు సాకమని ఇచ్చిన పందెపు గుర్రాలతో నిండి ఉన్న ఆయన లాయంలో ఇప్పుడు మిగిలింది ఈ ఎర్రగుర్రం ఒక్కటే. ఈసారీ పరిగెత్తకపోతే పెద్ద లాయానికి మార్చేస్తానని దాని యజమాని ఖరాఖండిగా చెప్పేశాడు. భార్య పోయాక ఆయన పలకరించడానికి మిగిలింది కూడా ఆ గుర్రమే. కానీ దాని మనసంతా పక్కన కట్టేసే ముసలిమేక మీదే. మేక కనబడకపోతే అది అడుగు తీసి అడుగు వెయ్యదు.

ఆ పొద్దున మేక లేదు. నాడాలు కొట్టేవాడు గేటు వెయ్యకుండా వెళ్లిపోతే, తన దారి తాను చూసుకుంది.

గుర్రం లాయం అదిరిపోయేలా సకిలించింది. తన బొమ్మ చూసుకుంటే ఊరట పడుతుందేమోనని ఆయన ఇంట్లోని నిలువుటద్దం మోసుకొచ్చాడు. అద్దంలో గుర్రం దీనికి నచ్చలేదు. ఒక్క తాపుకి అద్దం భళ్లుమంది. రేడియో పెడితే దాన్ని మూతితో నీళ్లతొట్టిలోకి నెట్టింది. చివరికి తానే పక్కన నిలబడ్డాడు. గుర్రం ఆయన భుజం మీదుగా గేటు వైపు చూసింది. ఇన్నేళ్లు మేత పెట్టినవాణ్ని అది తోడు కింద జమకట్టలేదని తెలిసి ఆయన మనసు చివుక్కుమంది.

అక్క పక్కింట్లో ఒక మేకని చూసిన గుర్తు. సకిలింపుల మధ్యే ఫోన్ చేశాడు.

"అక్కా! అర్జెంటుగా తోడు కావాలి!"

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందిరా నీకు!"

"వయసు మళ్లినా పర్లేదు, నెమ్మదిగా ఉంటే చాలు. మీ పక్కింట్లో ఉందిగా, దాన్ని తీసుకొచ్చెయ్!"

"అలా ఎలారా? ఒకమాట అడగాలి కదా!"

"అడిగేదేంటి? మెడకి తాడేసి లాక్కురా!"

"నోర్ముయ్! నేను మర్యాదగా తీసుకొస్తాలే."

ఆయన గాజుపెంకులు ఊడుస్తుండగా అక్క కారు దిగింది. వెనకే, ఇస్త్రీ బట్టల్లో, పక్కింటి రిటైరైన నర్సు. మేక గలావిడ కాబోలనుకుని ఆయన చీపురు పడేసి దణ్ణం పెట్టాడు.

"చాలా సంతోషమండీ. పొడిచే రకం కాదుగా?"

"ఎవరండీ?"

"ఏం లేదు, పగలు ఆకూ అలమూ పడేస్తాను. రాత్రి గుర్రం పక్కన గడ్డి మీద పడుకుంటే చాలు."

నర్సు అక్క వైపు తిరిగింది. "మీ తమ్ముడికి ఇల్లుందన్నారు?"

"ఏం వాగుతున్నావురా?" అంది అక్క.

"మేక గురించి!"

"మేకా?"

అప్పుడు తెలిసింది, గుర్రం సకిలించడం ఆపేసిందని. అది లాయం సగం తలుపు మీదుగా మెడ చాచి నర్సు భుజం మీద తల వాల్చింది. ఆవిడ చెయ్యి దానంతటదే దాని మెడ నిమిరింది. "ఏం కాదు, ఏం కాదమ్మా," అంది, ఆపరేషన్‌కి వెళ్లే పేషెంటుతో అన్నట్టు.

గుర్రాలాయన గొంతు సవరించుకున్నాడు. "ఏవండీ... మీరు వ్యాను ఎక్కుతారా?"

ఎక్కింది. పందెంలో గుర్రం రెండో స్థానంలో వచ్చింది. ఇక ఎక్కడికీ మార్చనని యజమాని ఫోన్లో మాటిచ్చాడు.

సాయంత్రం లాయానికి తిరిగొచ్చాక గుర్రాలాయన టీ పట్టుకెళ్లేసరికి నర్సు గుర్రంతో మాట్లాడుతోంది. భర్త పోయిన సంగతి, పొద్దుపోని సాయంత్రాలు, ఎవరూ నొక్కని కాలింగ్ బెల్లు. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. చెప్పుకోడానికి ఆయన దగ్గరా అలాంటివి బోలెడున్నాయి. టీ చల్లారిపోయింది.

వెళ్తూ ఆవిడ అంది: "రేపు కూడా వస్తానండీ."

ఆయన గుండె ఒక్క గంతేసింది.

"క్యారెట్లు తెస్తాను. దానికిష్టమేగా?"

ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క ఫోను. "ఏరా, కుదిరినట్టేనా?"

"కుదిరిందక్కా," అన్నాడాయన, "గుర్రానికి."