ఎర్ర బటన్ దగ్గర నూకరాజు

పౌరసేవల శాఖ కొత్త వెబ్‌సైటుకు పెట్టిన పరీక్షలో మూడో పని చేస్తూ చేస్తూ నూకరాజు వెబ్‌సైటులోకి వెళ్ళిపోయి, తొమ్మిది వారాలైనా బయటికి రాలేదు. ఇందులో శాఖ కంగారు పడవలసింది ఏమీ లేదు. లోపలికి వెళ్ళడం పరీక్షలో భాగమే. బయటికి రావడం ఎవరి తెలివి వారిది.

పరీక్ష పద్ధతి చాలా సులువు. ఐదుగురు మామూలు మనుషుల్ని పిలుస్తారు, తలా మూడు పనులు ఇస్తారు. ఎవరూ సాయం చేయకూడదు, వేలు చూపించకూడదు. చేసేవారు మాత్రం మనసులో అనుకున్నదల్లా పైకి అంటూ ఉండాలి. అద్దానికి ఇవతల కూర్చున్న అధికారి ఫణీంద్ర అదంతా రాసుకుంటాడు. నూకరాజుకు ఇచ్చిన మూడో పని ఇంటి చిరునామా మార్చుకోవడం. మార్చాడు కూడా. ఆ తర్వాత బయటికి పంపే బటన్ నొక్కాలి. అది ఎర్రగా ఉంటుంది. నూకరాజు ముప్పై ఏళ్ళుగా లారీల వెనక ఎర్ర రంగుతో ‘స్టాప్’ అని రాసిన పెయింటరు. రోజూ బటన్ దాకా వస్తాడు, మర్యాదగా ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు.

ఇంటివాళ్ళను గురువారాలే రానిస్తారు. అతని భార్య మంగతాయారు మొదటి గురువారమే వచ్చి సంగతి కనిపెట్టింది.

“ఆయనకి ఎరుపంటే ఆగమనే లెక్కండీ. ఆ బటన్‌కి పచ్చరంగు వేయించండి, వచ్చేస్తారు.”

“ఐదుగురిలో ముగ్గురు చిక్కుకుంటే అది వెబ్‌సైటు తప్పమ్మా,” అన్నాడు ఫణీంద్ర. “ఒక్కరు చిక్కుకుంటే ఆ మనిషి తప్పు.”

“పోనీ నేనే ఓ కేక వేస్తానండి.”

“సాయం కిందకొస్తుంది. కావాలంటే కూర్చుని వినండి.”

కూర్చుంది, విన్నది. అసలు చిక్కు అక్కడే వచ్చి పడింది. ఇంట్లో నూకరాజు నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. కూర బాగుంటే ఇంకాస్త వేయించుకునేవాడు, లేకపోతే లేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మెచ్చుకోలు అంటే అదే. అలాంటి మనిషి నిబంధన ప్రకారం గడగడా మాట్లాడుతున్నాడు.

“కింద అన్నీ చిన్నక్షరాలు. రాసినోడికి చెయ్యి తిరగలేదు,” అన్నాడు. కాసేపటికి, “మంగ ఈపాటికి కాఫీ పెట్టుంటది. నాకు పంచదార తక్కువేస్తది, తను అసలేసుకోదు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.” నాలుగో వారం, “ఊళ్ళో అందరి పిల్లల పేర్లూ లారీల మీద రాశాను. మంగ పేరు ఒక్క బండి మీదన్నా రాయలేదు. ‘మ’ నాకు బాగా కుదురుద్ది కూడాను.”

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వినియోగదారుడు పనికి సంబంధం లేని విషయాలు మాట్లాడుతున్నాడని ఫణీంద్ర రాసుకున్నాడు. ఆమెకు ఇంటి దగ్గర పొద్దు గడిచేది కాదు. ఆ మనిషి కావాలి, ఎదురుగా కావాలి, ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ రంగుల వాసన కూడా కావాలి. గురువారం వస్తే చాలు, తెల్లారకముందే వంట ముగించేది.

రెండో విడత పరీక్షకు వచ్చిన ఐదుగురిలో ముగ్గురు లారీ డ్రైవర్లు. ముగ్గురూ ఎరుపు చూసి ఆగిపోయారు. నిబంధన నెరవేరింది.

పదో వారం ఫణీంద్ర ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. “పచ్చరంగు మంజూరైందమ్మా. లోపలున్నవాళ్ళ ఇంటివాళ్ళంతా సంతకం పెడితే సాయంత్రానికి మీ ఆయన ఇంట్లో ఉంటారు.”

ఆమె పెన్ను తీసుకుంది. ‘మ’ రాసి ఆగింది.

“ఇంటికొచ్చాక కూడా ఇలాగే మాట్లాడతారాండీ?”

“ఆ నిబంధన పరీక్షకేనమ్మా. ఇంటి దగ్గర వర్తించదు.”

అద్దానికి అవతల నూకరాజు బటన్ దాకా వచ్చాడు. “ఎరుపు. ఆగాలి,” అన్నాడు. “ఎందుకో మంగ ఇక్కడే ఎక్కడో ఉన్నట్టుంది.”

“ఉన్నానండీ,” అంది ఆమె. ఇవతలి మామూలు మాట అద్దం దాటి అవతలికి పోదు కాబట్టి అది సాయం కిందకు రాలేదు.

పెన్నుకు మూత పెట్టి, “వచ్చే గురువారం పెడతాలెండి,” అంది.

ఫణీంద్ర ఆశ్చర్యపోలేదు. పోయిన గురువారం, మళ్ళీ ఈ పొద్దున అద్దం ముందు నిలబడి విన్న డ్రైవర్ల భార్యలు ముగ్గురూ ఇందాకే ఆ మాట చెప్పి వెళ్ళారు. అతను కాగితాన్ని ఫైల్లో పెట్టి, అద్దం ముందు ఇంకో మూడు కుర్చీలు వేయించమని ప్యూనుకు చెప్పాడు.