తుపాకీ ఒకరికి, తూటాలు ఒకరికి

వీపున మూట కట్టుకుని అరణ్యంలో నడవబోయే మనిషి తుపాకీ పట్టుకెళ్ళాలా అక్కర్లేదా అన్న ప్రశ్నకు తుది పరిష్కారం కనిపెట్టిన ఘనత మా లోన్ కెటిల్ అరణ్య ప్రవేశ కార్యాలయానిదే. మోంటానాలో తక్కినవాళ్ళంతా బార్లలోనూ చర్చి మెట్ల మీదా ఈ విషయమై ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. మేం పదకొండేళ్ళు కొట్టుకుని, నిబంధన రాసుకుని, మానేశాం.

మా సాయుధ పాదచారుల సలహా సంఘంలో కొందరు తుపాకీ లేకుండా వెళ్ళడం ఆత్మహత్య అనేవారు. కొందరు తుపాకీతో వెళ్ళడం హత్య అనేవారు. (ఆఫీసు కాఫీ విషయంలో మాత్రం ఈ రెండు మాటలనూ అందరూ ఒప్పుకునేవారు.) చివరికి ఎవరి మనసూ నొచ్చుకోకుండా పద్నాలుగో నిబంధన పుట్టింది. దాని ప్రకారం అడవిలోకి తుపాకీ వెళ్ళవచ్చు, తూటాలూ వెళ్ళవచ్చు. కానీ తుపాకీ ఒకరి దగ్గర, తూటాలు మరొకరి దగ్గర ఉండాలి. ఇద్దరి మధ్యా దూరం వంద అడుగులకు తగ్గకూడదు. అందుకోసం కార్యాలయమే ఒక నారింజరంగు తాడు ఇచ్చి, రెండు కొసలూ ఇద్దరి నడుములకు కట్టి, ముడుల మీద సీలు వేస్తుంది. ఒంటరిగా వచ్చినవారికి జోడీని కూడా కార్యాలయమే చూస్తుంది. తుపాకీ అంటే ప్రాణమిచ్చేవారికి తుపాకీ, గిట్టనివారికి తూటాలు. (దీన్ని సమతుల్యం అంటారు.)

నేను పక్క కిటికీలో చేపల లైసెన్సులు ఇస్తాను. సంఘం సమావేశాల్లో ఎవరేమన్నారో రాసుకునేదీ నేనే. అందువల్ల వెర్నా బ్రాట్వోల్డ్ సంగతి సగం నా కళ్ళముందే జరిగింది. మిగతా సగం వాంగ్మూలంగా నేనే టైపు చేశాను.

వెర్నాకు అరవై ఎనిమిదేళ్ళు. పోర్క్యుపైన్ కొండ మీది చెక్క బురుజులో పద్నాలుగు వేసవులు ఒంటరిగా కూర్చుని, అడవి అంటుకుంటుందేమోనని కనిపెట్టి, ఎక్కడ పొగ లేచినా రేడియోలో చెప్పిన మనిషి. ఇప్పుడా పని కెమెరాలు చేస్తున్నాయి. సెప్టెంబరులో బురుజు కూల్చేస్తారని తెలిసి, ఒక్కసారి చూసొద్దామని ఆగస్టులో పర్మిట్ కోసం వచ్చింది.

"ఒంటరిగా కుదరదు వెర్నా," అంది పర్మిట్ల కిటికీలో ఉండే మార్లిస్.

"అక్కడ పద్నాలుగేళ్ళు ఎవరితో ఉన్నాననుకున్నావే?"

"అప్పుడు నిబంధన లేదుగా తల్లీ. అందుకే ఒంటరిగా ఉండగలిగావు. అదిగో, ఆయన పొద్దుటినుంచీ తూటాలు మోసేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు."

బెంచీ మీది మనిషి లేచి టోపీ తీశాడు. పేరు థర్మన్ పికెట్. ఇళ్ళ చూరులకు వాననీటి గొట్టాలు బిగిస్తాడు. నడుముకు కొత్త రివాల్వరు, ఇంకా ధర చీటీ కూడా ఊడలేదు.

"నమస్కారం మేడం. ఆరే తూటాలు. బరువుండవు."

"బరువు సంగతి కాదు బాబూ. నాకు తుపాకీలు గిట్టవు."

"అద్భుతం," అని మార్లిస్ సీలు తీసింది. "అర్హత సరిపోయింది."

మొదటి రోజంతా ఇద్దరూ తాడుకు చెరో కొసనా నడుస్తూ అరుచుకున్నారు. వంద అడుగుల దూరంలో మర్యాదగా మాట్లాడడం సాధ్యం కాదు. "వాతావరణం బాగుందండీ" అన్నా తగాదాలాగే వినిపిస్తుంది. తాడు ప్రతి దేవదారు మొక్కకూ చుట్టుకునేది. విడదీయడానికి దగ్గరికి వస్తే దూరం తగ్గుతుంది కనక, ఒకరు వెనక్కి నడిచి, రెండోవారు చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. రెండు మైళ్ళకు ఆరు గంటలు పట్టింది.

రెండో రోజు పొద్దున కొండ వాలులో నేరేడు రంగు పళ్ళు కాసే హకిల్‌బెర్రీ పొదలు వచ్చాయి. వెర్నా పొదలు దాటింది. థర్మన్ ఇంకా ఇవతలే ఉన్నాడు. మధ్యలోంచి ఒక గ్రిజ్లీ ఎలుగుబంటి లేచి, అటూ ఇటూ చూసి, సరిగ్గా తాడు మీద కూర్చుంది.

థర్మన్ రివాల్వరు తీశాడు. అది ఖాళీ అని అప్పుడు గుర్తొచ్చింది.

"తూటాలు విసరండి!" అని అరిచాడు.

"విసిరితే దాని ఒళ్ళో పడతాయి. తుపాకీ కూడా నువ్వు విసిరెయ్యి, దానికి సెట్టు పూర్తవుతుంది."

"మీ దగ్గర ఎలుగుబంట్లను తరిమే మిరప స్ప్రే ఉందిగా!"

"గాలి నీవైపు వీస్తోంది. నీ కళ్ళలో కొట్టమంటావా?"

ఎలుగుబంటి రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. థర్మన్ పరిగెత్తబోతున్నాడని తాడు గుండా తన నడుముకు తెలిసిందని వెర్నా వాంగ్మూలంలో చెప్పింది.

ఆమె గొంతు తగ్గింది. "థర్మన్, నాయనా, పరిగెత్తకు. దాని కళ్ళలోకి చూడకు. ముడి విప్పు."

"సీలు తెగితే పర్మిట్ రద్దవుతుందండీ!"

"నువ్వే రద్దయ్యాక పర్మిట్ ఏం చేసుకుంటావు? విప్పు. ఇప్పుడు వెనక్కి, మెల్లిగా. నాతో మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"గొట్టాల గురించి చెప్పు."

థర్మన్ పికెట్ ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, వాననీటి గొట్టాలకు ఎంత వాలు ఉండాలో, ఆకులు అడ్డుపడకుండా జాలీ ఎలా బిగించాలో చెప్పుకుపోయాడు. వెర్నా అవతలివైపు ముడి విప్పుకుని వెనక్కి జరుగుతూ మధ్యమధ్యలో "ఊ" కొట్టింది. ఎలుగుబంటి కాసేపు విని, కిందికి దిగి, తాడు నోట కరుచుకుని వాలులోకి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి ఇద్దరూ పొదలు చుట్టి తిరిగి కలుసుకున్నారు. వెర్నా సంచీలోంచి తూటాల డబ్బీ తీసి అందించబోయింది. "ఇవిగో, నీవి."

థర్మన్ చేయి ముందుకు రాలేదు. "మీ దగ్గరే ఉంచండి మేడం. ఈ చేతులతో ఇప్పుడు నా కాలే కాల్చుకుంటాను."

అప్పటికి ఆమె డబ్బీ మళ్ళీ సంచీలో వేసుకుంది.

మధ్యాహ్నానికి బురుజు చేరారు. వెర్నా మెట్లెక్కి, తన పాత కుర్చీ ఉండే చోట నిలబడి, నాలుగు కిటికీల్లోంచీ వరసగా చూసింది. అలవాటుగా పొగ కోసమే చూసింది. కిందికి వచ్చేసరికి థర్మన్ స్టూలెక్కి, చూరుకు వేలాడుతున్న గొట్టాన్ని సరిచేస్తున్నాడు.

"మూడు వారాల్లో కూల్చేస్తారయ్యా దీన్ని!"

"అయినా వంకరగా ఉంటే చూడలేనండీ."

ఆమె వెళ్ళి స్టూలు పట్టుకుంది.

తిరిగొచ్చాక మార్లిస్ సంఘటన ఫారం తీసింది. ప్రాణం దేనివల్ల దక్కిందన్న ప్రశ్నకు రెండే గడులున్నాయి: తుపాకీ, స్ప్రే. వెర్నా "మాటలు" అంది. ఆ గడి లేదు. మార్లిస్ చాలా నిజాయితీగా ఆలోచించి, "దాడి జరగలేదు" అన్న వేరే ఫారం తీసింది. దానికి ఎలుగుబంటి సంతకం కావాలి. (సాక్షి సంతకమైనా చెల్లుతుంది. సాక్షి ఎలుగుబంటికి బంధువై ఉండకూడదు.)

అప్పుడు ఇద్దరూ కలిసి సంఘానికి అర్జీ పెట్టారు. తుపాకీ కావాలనుకున్నవాడు తన తూటాలు తానే మోసుకోనివ్వండి, వద్దనుకున్నవాళ్ళను ఒంటరిగా పోనివ్వండి, తాడు మాత్రం ఎవరికీ కట్టకండి అని రాశారు.

సంఘాధ్యక్షుడు ఆర్లో ఫిన్‌స్టాడ్ మర్యాదస్థుడు. అర్జీ రెండుసార్లు చదివాడు.

"మీలో తుపాకీ పక్షం ఎవరు?"

"నేనండీ," అన్నాడు థర్మన్.

"వ్యతిరేక పక్షం?"

"నేను," అంది వెర్నా.

"మరి ఇద్దరూ ఒకటే కోరుతున్నారే?"

"అవునండీ."

సంఘం పక్కగదిలోకి వెళ్ళి, గంటంబావు చర్చించి వచ్చింది. తీర్మానం నేనే రాసుకున్నాను: పద్నాలుగో నిబంధన కింద వెళ్ళినవారు ఇద్దరూ ఒంటి మీద గీతైనా పడకుండా తిరిగివచ్చారు కనుక, నిబంధన చక్కగా పనిచేస్తున్నట్టు రుజువైంది; మార్పు అనవసరం.

"కాని అయ్యా, ఆ నిబంధన వల్లే మేం చచ్చేవాళ్ళం!" అన్నాడు థర్మన్.

ఫిన్‌స్టాడ్ చాలా బాధగా తల ఊపాడు. లేచొచ్చి ఇద్దరితోనూ చేయి కలిపి, తలుపు దాకా సాగనంపాడు.

"ఈసారి నిజంగానే అలా జరిగితే తప్పకుండా రండి," అన్నాడు. "వెంటనే మార్చేస్తాం."